దారిలో ఆగిపోయే బండి

నేను ఒక ముసలి మోటారు సైకిల్ని. ట్యాంకు మీద కంపెనీ పేరు ఎప్పుడో అరిగిపోయింది. కార్ఖానాలో నన్ను బిగించినవాడు నా మొహం కూడా సరిగా చూడలేదు, నా వెనక ఇంకా రెండొందల బండ్లు వరసలో ఉన్నాయి మరి. మొదట కొన్న కాంట్రాక్టరు నన్ను నడిపింది తక్కువ, ఇంటి ముందు నిలబెట్టి నలుగురికీ చూపించుకున్నది ఎక్కువ. కారు కొన్న రోజే నన్ను అమ్మేశాడు.

కొన్నది బిక్షపతి. డోర్నకల్ చుట్టుపక్కల ఊళ్లలో పశువులకు సూదులు వేసే మనిషి. పదహారేళ్లు ఆయనతో తిరిగాను. గేదె ఈనడం కష్టమైందని కబురొస్తే చాలు, కలిపిన ముద్ద పళ్లెంలోనే వదిలేసి నన్నెక్కేవాడు. నా చప్పుడు వినగానే "డాక్టరొచ్చిండు" అనేవాళ్లు జనం. ఆయన డాక్టరు కాదు. అయినా ఆ మాటకు ఇద్దరం పొంగిపోయేవాళ్లం.

చివరి ఏళ్లలో నాకు రోగం పట్టుకుంది. దారిలో ఉన్నట్టుండి ఇంజను, లైటు, హారను అన్నీ ఒక్కసారే పోయేవి. కాసేపటికి వాటంతట అవే వచ్చేవి. మెకానిక్కు ముందు మాత్రం బుద్ధిగా నడిచేదాన్ని. ఒకడు బ్యాటరీ మార్చాడు, ఒకడు కాయిలు మార్చాడు, ఇంకొకడు తాళమే మార్చాడు. వెతకడం కంటే మార్చడం సులువు కదా.

బిక్షపతి భార్య సారక్క మాత్రం దిష్టి అని తేల్చేసింది. ప్రతి అమావాస్యకూ నిమ్మకాయ, మిరపకాయలు దారానికి గుచ్చి హెడ్‌లైటు వెనక కట్టేది. నేను ఇంకా ఎక్కువగా ఆగాను. ఒక్కటి కట్టేచోట మూడు కట్టింది.

ఒక మధ్యాహ్నం కొమురమ్మ అనే ముసలామె గేదెకు కడుపులో దూడ అడ్డం తిరిగింది. ఆమెకున్న ఆధారం ఆ గేదె ఒక్కటే. వాగు దాటగానే నేను ఆగిపోయాను. బిక్షపతి కిక్కు కొట్టి కొట్టి, చివరికి నన్ను తుమ్మచెట్టుకు ఆనించి పరిగెత్తాడు. ఆయన చేరేసరికి గేదె లేదు, దూడా లేదు.

మర్నాడు నన్ను మెకానిక్ యాకూబ్ షెడ్డుకు నెట్టుకొచ్చాడు.

"దొరికితే సరే యాకూబ్ భాయ్, లేకుంటే ఈడనే పాత ఇనుముల ఏసిపోత."

యాకూబ్ ఒక్క బోల్టూ విప్పలేదు. లైటు వేసి, హ్యాండిలు అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ కూర్చున్నాడు. ఎడమకు తిప్పగానే లైటు ఆరింది. నిమ్మకాయల దండ తెంపి పక్కన పడేశాడు. దాని కింద, బండి మొత్తానికీ కరెంటు నడిపే ఎర్త్ వైరును ఫ్రేముకు బిగించిన బోల్టు నిండా పచ్చటి చిలుము.

"అన్నా, ఎన్నేండ్ల సంది పులుసు పోస్తున్రే దీనికి?"

"దిష్టి పోవాల్నని కట్టింది మా ఆమె."

"దిష్టి పోయిందో లేదో గని, కరెంటయితే పోయింది."

బిక్షపతి నవ్వలేదు. యాకూబ్ చిలుమంతా గీకి, కొత్త బోల్టు బిగించాడు. మొదటి కిక్కుకే లేచాను. పదహారేళ్లలో అంత హుషారుగా ఎప్పుడూ లేను.

వారం తర్వాత ఇంకో ఊరి నుంచి ఫోను వచ్చింది. మళ్లీ అదే కష్టం. బిక్షపతి పరిగెత్తుకొచ్చి నా మీద కూర్చున్నాడు. తాళం పెట్టాడు. తిప్పలేదు. తాళం తీసుకుని దిగిపోయాడు.

"లింగన్నా, నీ బండి జర ఇయ్యే!" అని గోడ అవతలికి కేకేశాడు.

ఆ నెలలోనే వేరే బండి కొన్నాడు. నన్ను అమ్మలేదు. ఎందుకో ఆయన చెప్పలేదు, అడిగే నోరు నాకు లేదు. కొమురమ్మ వాకిట్లో ఆయన ఎలా తల దించుకుని నిలబడ్డాడో నేను చూడలేదు కాబట్టి, నన్ను నమ్మనందుకు ఆయనను తప్పు పట్టలేను.

మందుల సంచీ ఇప్పుడు నా హ్యాండిలుకే తగిలిస్తున్నాడు. పొద్దున్నే దాని కోసం వస్తాడు. సూదులు లెక్క చూసుకుంటూ నా పక్కనే నిలబడతాడు. ఒక్కోసారి చెయ్యి నా సీటు మీద ఆనుతుంది. తర్వాత సంచీ భుజాన వేసుకుని వెళ్తాడు. గేటు బయట కొత్త బండి స్టార్టవుతుంది.