పుస్తెల మీద అభ్యంతరం

వార్డు ఆఫీసు వరండాను తడిగుడ్డతో తుడుస్తూనే కొమురవ్వ చెవులు లోపలి గదికి అప్పగించింది. ప్రభుత్వ ఉద్యోగులు ఒంటిమీద మతం గుర్తులు పెట్టుకోకూడదన్న రూలు ముసాయిదా వచ్చి వారమైంది. బొట్టు, కంఠిమాల, టోపీ, స్కార్ఫు, ఏవీ కూడదట. ఇవాళ అందరూ అభిప్రాయం చెప్పాలి. గదిలో ఒకటే రభస.

ఎవరి ఏడుపు వాళ్లది. కొమురవ్వకు మాత్రం ఆ రూలు వస్తే బాగుండునని ఉంది. "ఆఫీసోళ్లు తియ్యమన్నరు" అని చెప్పి మెడలో పుస్తెలు తీసేయొచ్చు. పదహారేళ్లప్పుడు మరమగ్గాల పనికొచ్చిన మొగుడి వెంట సూరత్ వచ్చింది. ఇప్పుడు నలభై ఆరు. మోకాళ్లు పట్టేశాయి, వేళ్ల సందులు ఫినాయిల్‌కు ఒరిసిపోయాయి. ఆ మొగుడు లస్మయ్య పదకొండేళ్లుగా పక్క ఊరు కిమ్‌లో ఇంకొకామెతో కాపురం చేస్తున్నాడు. ఈమె మాత్రం శుక్రవారం శుక్రవారం ఆ తాడుకు పసుపు రాయాలి. లేకుంటే తానుండే వడోద్ గల్లీలో కులపోళ్లు ఊరుకోరు. రాసిన ప్రతిసారీ ఒళ్లు మండేది.

"వదినె, ఇటు రా." నరహరి పిలిచాడు. లస్మయ్య తమ్ముడు, ఇక్కడే గుమాస్తా, ఆమెకు ఈ పని ఇప్పించినవాడు. చేతిలో అభ్యంతర పత్రం. "నువ్వు గూడ సంతకం పెట్టు. రేపు పుస్తెలు గూడ తియ్యమంటరు."

కొమురవ్వ చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నేను పెట్ట."

హాజరు రాసే షబానా, తన స్కార్ఫు పోతుందని పొద్దుటి నుంచీ మెతుకు ముట్టని పిల్ల, తలెత్తి చూసింది.

"ఏంది, పుస్తెలు తీస్తవా?" అన్నాడు నరహరి.

"తియ్యమంటే తీస్త."

అతని మొహం మాడిపోయింది. "అన్న ఉండంగనే? జర ఇజ్జత్ ఉండాలె గద."

నెలనెలా కిమ్ పోయి ఆ ఇంట్లో కడుపునిండా తినొచ్చేది ఈ మరిదే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చినా ఆమె మింగేసింది.

ఆఫీసు పెద్దసాహెబ్ నవ్వుతూ చెయ్యి ఊపాడు. "డరో మత్ బేన్. మంగళసూత్ర్ ఇస్‌మే నహీ హై." భయపడొద్దట, మంగళసూత్రం ఈ రూలులో లేదట. అది పెళ్లి గుర్తట, దానికి మినహాయింపు ఉందట.

షబానా తల దించుకుంది. కొమురవ్వకు ఏడుపొచ్చింది. నెపం వెయ్యడానికి సర్కారు కూడా లేకుండా పోయింది.

"భయం తీరింది గద. ఇగ పెట్టు వదినె." నరహరి పత్రాన్ని బల్ల మీద పెట్టి పెన్ను అందించబోయాడు.

ఆమె పెన్ను తీసుకోలేదు. పుస్తెలతాడుకు వేలాడే రెండు పిన్నీసులు విప్పి, పనికొచ్చేవి కదా, పైటకు గుచ్చుకుంది. తర్వాత తాడును తల మీదుగా తీసింది.

"గీసారి పోయినప్పుడు మీ అన్నకియ్యి."

బకెట్ ఎత్తుకుని వరండాలోకి వెళ్లిపోయింది. బల్ల మీది పత్రంలో ఆమె సంతకానికి వదిలిన ఖాళీలో పసుపుతాడు పడి ఉంది, రెండు పుస్తెలూ బోర్లా.