ఎత్తి చూడకూడదు

భర్త పోయిన నాలుగో నెలలో ఆమె ఆయన ఆఫీసు జీపు కోసం ఒక మందుల సంచి కుట్టడం మొదలుపెట్టింది.

కుట్టుపని ఆమెకు కొత్త కాదు. పన్నెండేళ్లుగా సంచుల కార్ఖానాలో పనిచేస్తోంది. ఏ సంచి చేతికిచ్చినా పట్టీ ఎక్కడ తెగుతుందో, జిప్పు ఎక్కడ మొరాయిస్తుందో చూడగానే చెప్పేస్తుంది. మిగిలిపోయిన ఎర్ర కాన్వాసు ముక్క ఒకటి ఇంటికి తీసుకెళ్తానంటే మేస్త్రీ ఎందుకని అడగలేదు. ఆ నాలుగు నెలల్లో ఆమెను ఏదైనా అడగడమే అందరూ మానేశారు.

భర్త సర్వేయరు. కొండల్లో కొత్త రోడ్లు వేసేచోట కొలతలు తీసే జట్టుకు పెద్ద. కొలవనిదే ఏదీ నమ్మడని జట్టులో అందరూ ఆయన్ని "టేపన్న" అనేవారు. ఒకసారి బీరువా కొనేముందు గది గోడను మూడుసార్లు కొలిచి, గుమ్మం కొలవడం మరిచిపోయాడు. బీరువా వరండాలోనే ఉండిపోయింది. ఆ మాట ఎత్తితే చాలు, "తప్పు నాది కాదు, గుమ్మానిది" అని తప్పించుకునేవాడు.

ఒక పొద్దున కొండవాలు మీద, కొలతకు అడ్డొస్తున్న పొదలు నరుకుతుంటే కత్తి జారి ఆయన తొడలో దిగింది. ఫోను పలకని చోటు అది. జట్టులో ఇద్దరు సాయం కోసం కిందికి పరుగెత్తారు. జీపు డ్రైవరు ఒక్కడే ఆయన దగ్గర ఉండిపోయాడు. అందరూ కలిసి మోసుకుని జీపు దాకా తెచ్చేసరికి గంట దాటింది. ఆసుపత్రి ఇంకా దూరం ఉందనగా దారిలోనే ప్రాణం పోయింది.

డ్రైవరు ఆయనకంటే ఎనిమిదేళ్లు చిన్న. అన్నా అని పిలిచేవాడు, ఆమెను వదినా అనేవాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఇంటికి వచ్చి, కారుతున్న కొళాయో, ఊగుతున్న తలుపో, ఏదో ఒకటి బాగుచేసి వెళ్లేవాడు. ఆ రోజు గురించి మాత్రం నోరు విప్పేవాడు కాదు. "చాలా నెత్తురు పోయింది వదినా" అనడమే. ఒక ఆదివారం మాత్రం, ఆమె అడక్కుండానే, జీపులోని ఇనప పెట్టె గురించి చెప్పాడు.

"మందుల పెట్టె అని పైన రాసుంటుంది. మూత తుప్పు పట్టి బిగుసుకుపోయింది. అన్నను జీపులో పడుకోబెట్టాక రాయితో కొట్టి తెరిచాను. లోపల ఎండిపోయిన ఆయింట్‌మెంటు, నాలుగు ప్లాస్టర్లు, జీపుది ఒక మాడిపోయిన బల్బు. అంతే వదినా. బల్బు!"

ఆమె సంచి మొదలుపెట్టింది ఆ మర్నాడే. ఒక్క చేత్తో లాగితే పుస్తకంలా తెరుచుకోవాలి, లోపలివి కిందపడకూడదు, ఏది ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేకుండా కనబడాలి. ఇంత వరకు ఆమెకు తెలుసు. లోపల ఏం పెట్టాలో తెలియక వీధి చివర ఉండే రిటైరైన నర్సు దగ్గరికి వెళ్లింది. ఆవిణ్ణి అందరూ సిస్టరమ్మ అంటారు.

"ముందు ఆ ఆయింట్‌మెంట్ల పిచ్చి వదిలించుకో," అంది సిస్టరమ్మ కళ్లజోడు సర్దుకుంటూ. "అందరూ అవే కొని నింపుతారు. గీసుకుపోయినంత మాత్రాన మనిషికి ఏమీ కాదమ్మా. నెత్తురు ఆగకపోతేనే..." అని, ఎదురుగా ఉన్నదెవరో గుర్తొచ్చి నాలుక కరుచుకుంది.

"చెప్పండి," అంది ఆమె. "అందుకేగా వచ్చాను."

సిస్టరమ్మ చెబుతుంటే రాసుకుంది. గాజుగుడ్డ మడతలు, బోలెడన్ని. వెడల్పాటి చుట్టు పట్టీలు. రబ్బరు తొడుగులు రెండు మూడు జతలు. గుడ్డను, అవసరమైతే బూటును కూడా కత్తిరించే మొద్దుమొన కత్తెర. చేయి విరిగితే మెడకు కట్టడానికి ముక్కోణపు గుడ్డ. ఒళ్లు చల్లబడకుండా కప్పడానికి వెండిరేకులా మెరిసే పల్చటి దుప్పటి. ఉప్పు చక్కెర పొడి పొట్లాలు. ఈల. ఈల ఎందుకని అడిగితే, "అరిచి అరిచి గొంతు పోతుంది, ఊపిరి ఉన్నంతసేపూ ఈల మోగుతుంది" అంది సిస్టరమ్మ. చివరగా, ఎంతకీ నెత్తురు ఆగకపోతే గాయానికి పైన కట్టి కడ్డీతో తిప్పి బిగించే నల్ల పట్టీ ఒకటి రాయించింది.

"అది నేనే కుడతాను," అంది ఆమె.

"అది మాత్రం వద్దు. మనం కుట్టింది సరిగ్గా బిగించేటప్పుడే తెగుతుంది. కొన్నదే పెట్టు."

జీవితంలో మొదటిసారి ఆమె ఒక పట్టీని తన కుట్టుకు మించినదని ఒప్పుకుంది.

అన్నీ సమకూరాక ఒక ఆదివారం సిస్టరమ్మ తనే ఇంటికి వచ్చింది. వాడటం తెలియకపోతే సంచి ఉండీ లేనట్టే అంది. డ్రైవరు అప్పటికే వచ్చి, వరండాలో స్టూలెక్కి ఫ్యాను రెక్కలు తుడుస్తున్నాడు. "ఇతను మావారి ఆఫీసు జీపు నడుపుతాడు" అని మాత్రమే ఆమె పరిచయం చేసింది.

"మంచిదే. కొండ మీదికి వెళ్లేవాడికే ముందు తెలియాలి. దిగి రా బాబూ, చాప మీద పడుకో. నువ్వే దెబ్బ తగిలినవాడివి."

అతను మొహమాటంగా నవ్వి పడుకున్నాడు. సిస్టరమ్మ అతని తొడ మీద గాజుగుడ్డ మడత పెట్టి, ఆమె రెండు చేతులూ దాని మీద ఆనించింది.

"మోచేతులు వంచకు. ఒంటి బరువంతా వెయ్యి. ఇంకా. వాడేమీ విరిగిపోడులే. ఊఁ, అలా. ఇప్పుడు ముఖ్యమైన మాట. గుడ్డ తడిసిపోతే పైన ఇంకోటి వేసి నొక్కు. అంతేగానీ కిందిది తీయకు. ఆగిందా లేదా అని ఎత్తి చూడకూడదు. అందరూ చేసే తప్పు అదే. చూసిన ప్రతిసారీ గడ్డకట్టింది కాస్తా ఊడి, కథ మొదటికొస్తుంది."

ఆమె చేతుల కింద అతని తొడ ఒక్కసారిగా బిగుసుకుంది.

"ఎత్తి చూడకూడదా సిస్టరమ్మా?" అన్నాడు కప్పు వైపు చూస్తూ.

"ససేమిరా."

"ఎన్నిసార్లు చూస్తే ప్రమాదం?"

"ఇదేం ప్రశ్న? ఒక్కసారి కూడా..." సిస్టరమ్మ అతని మొహం చూసి ఆగిపోయింది.

అతను లేవలేదు. పడుకున్నవాడు పడుకున్నట్టే చెప్పాడు. "నేను చూశాను వదినా. నా తువ్వాలు మడిచి పెట్టాను. గట్టిగానే పట్టుకున్నాను. కానీ అన్న నిమిషానికోసారి 'ఆగిందారా?' అని అడిగేవాడు. అడిగినప్పుడల్లా ఎత్తి చూశాను. చూడకుండా ఎలా చెప్పను? చూసి, 'తగ్గుతోందన్నా' అని మళ్లీ పెట్టేవాణ్ణి. ఎన్నిసార్లో... లెక్కే లేదు."

ఆమె చేతులు తీసేసింది. లేచి వంటింట్లోకి వెళ్లి, పొయ్యి దగ్గర నిలబడింది. కాసేపటికి వీధి తలుపు చప్పుడైంది.

సిస్టరమ్మ గుమ్మంలోకి వచ్చింది. "నాకు తెలీదమ్మా, అతనేనని. తెలిస్తే..."

"తెలిస్తే చెప్పేవారు కాదా?"

సిస్టరమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"ఒక్కటి చెప్పండి. ఎత్తకుండా పట్టుకుని ఉంటే ఆయన బతికేవాడా?"

ముసలి నర్సు కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. "బతికేవాడేమో. బతకకపోయేవాడేమో. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు తల్లీ. లోపల ఎంత తెగిందో చూసినవాళ్లం కాదు."

ఆ తర్వాత రెండు ఆదివారాలు డ్రైవరు రాలేదు. రాకపోవడమే మంచిదనుకుంది ఆమె. కార్ఖానాలో మిషను తొక్కుతుంటే ఆ తువ్వాలు కళ్లముందు లేచేది, వాలేది. ఇంతకాలం ఇంట్లో తిరిగిన మనిషి, తన చేతి టీ తాగిన మనిషి, కొళాయి బిగించిన ఆ చేతులతోనే... ఆలోచన అక్కడికి రాగానే సూది వేలి పక్కనుంచి పోయేది. ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేదాన్నే అనుకునేది. మరుక్షణం, నువ్వు అక్కడుంటే ఏం చేసేదానివి అని తన్ను తానే ప్రశ్నించుకునేది. ఆయన అడిగితే చూడకుండా ఉండేదా? చూసేది. ఆ సంగతి తెలిసినా కోపం పోలేదు. కోపం, జాలి ఒకదాని పక్కన ఒకటి కూర్చుని ఆమెను పీక్కుతిన్నాయి.

మూడో వారం మధ్యలో ఆఫీసు నుంచి కబురొచ్చింది. కొత్త జట్టు కొండెక్కుతోందట, డ్రైవరు రానని భీష్మించుకున్నాడట, ఉద్యోగం మానేస్తానంటున్నాడట. నువ్వేమైనా నచ్చజెబుతావా అమ్మా అని.

ఆమె ఎర్ర సంచి భుజాన వేసుకుని మధ్యాహ్నం జీపుల షెడ్డుకు వెళ్లింది. అతను జీపు అడుగున పడుకుని ఏదో బిగిస్తున్నాడు. ఆమె కాళ్లు చూసి గుర్తుపట్టి బయటికి పాక్కుంటూ వచ్చాడు. గడ్డం మాసిపోయి ఉంది.

"నీ మీద నాకు కోపం పోలేదు," అంది ఆమె. "ఎప్పటికి పోతుందో కూడా తెలీదు. పోయిందని చెప్పడానికి రాలేదు."

"పోకూడదు వదినా."

"ఈ సంచి నువ్వే తీసుకెళ్లాలి. ఎత్తి చూడకూడదని నీకు తెలిసినంత గట్టిగా ఈ ఆఫీసులో ఇంకెవరికీ తెలీదు. నువ్వు ఇంట్లో కూర్చుంటే రేపు అక్కడ ఇంకొకడు ఎత్తి చూస్తాడు."

అతను గ్రీజు చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. తుడిచినా పోలేదు. ఆ చేతులతో సంచి ముట్టుకోవడానికి జంకి నిలబడితే, ఆమే దాన్ని అతని భుజాన వేసింది.

వెళ్లబోతూ ఆగింది. ఇన్ని నెలలుగా అడగాలనుకుని అడగలేకపోయిన మాట.

"చివర్లో ఏమైనా అన్నాడా? నా గురించి."

అతను చెప్పడానికి ఎంతసేపు తీసుకున్నాడంటే, ఏదో ఒకటి కల్పించి చెబుతాడనే అనుకుంది. చెప్పినా బాగుండును అనుకుంది కూడా.

"లేదు వదినా. మీ ఊసే రాలేదు. ఆగిందా అని ఒక్కటే. తనకేం కాదనే అనుకున్నాడు. చివరిదాకా అలాగే అనుకున్నాడు."

ఆమె తలూపింది.

కొత్త జట్టువాళ్లు నలుగురూ షెడ్డు ముందు పోగయ్యారు. డ్రైవరు సంచి బానెట్ మీద పెట్టి, ఒక్క చేత్తో లాగి తెరిచాడు. తన కాలు బంపరు మీద పెట్టి, ఒక్కొక్కణ్ణీ పిలిచి తొడ మీద నొక్కిస్తున్నాడు. "ఎత్తకు. నేనడిగినా ఎత్తకు. ఏడ్చి అడిగినా ఎత్తకు" అంటున్న అతని గొంతు ఆమెకు రోడ్డు దాకా వినిపించింది.

బస్సు కోసమని నడక మొదలుపెట్టి, రెండు స్టాపులు దాటిపోయినా గమనించలేదు. ఎప్పుడూ చూడని వీధిలో, ఒక టైర్ల కొట్టు ముందు ఆగిపోయింది. కొట్టువాడు ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచుతూ తలెత్తాడు.

"ఎవరు కావాలమ్మా?"

ఎవరూ వద్దని చెబుదామని నోరు తెరిచింది. ఇన్ని నెలలుగా నలుగురి ముందూ బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. అతను కంగారుగా చేతులు దులుపుకుని, లోపలినుంచి ఒక స్టూలు తెచ్చి నీడలో వేశాడు. మళ్లీ ఏమీ అడగలేదు. ఆమె దాని మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సాయంత్రం బళ్ల రద్దీ మొదలయ్యేదాకా ఏడుస్తూనే ఉంది.