కళావతి విన్న సినిమా

కాశిబుగ్గలో వీరభద్రానికి జంపఖానాల దుకాణం ఉండేది. చుట్టుపక్కల మగ్గాల మీద నేసినవి కొని బొంబాయి దాకా పంపేవాడు. ఎంత పని ఉన్నా శుక్రవారం సాయంత్రం మాత్రం దుకాణం తొందరగా కట్టేసేవాడు. భార్య కళావతికి సినిమా అంటే ప్రాణం. పిల్లలు లేని ఆ ఇద్దరూ రిక్షా ఎక్కి మొదటి ఆటకు పోయేవాళ్లు. తిరిగి వచ్చేటప్పుడు మిర్చీ బజ్జీలు తింటూ కథంతా మళ్లీ చెప్పుకునేవాళ్లు.

ఎనభై రెండులో కళావతి కళ్లకు నీటికాసుల జబ్బు వచ్చింది. తెలిసేసరికే ఆలస్యమైంది. హైదరాబాదు తీసుకుపోయి ఆపరేషన్ చేయించినా చూపు నిలవలేదు. ఏడాది తిరిగేసరికి ఆమెకు పగలూ రాత్రీ ఒకటే అయిపోయాయి. గోడలు తడుముకుంటూ ఇంటి పనులన్నీ మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంది. సినిమాకు మాత్రం రానంది. చూపు పోయాక ఒక్కసారి పోయారు. వీరభద్రం చెవిలో కథ చెబుతుంటే వెనక వరసలోంచి ఎవరో కసిరారు. పక్కనున్న ఒకావిడ "పాపం, కండ్లు కనవడయట" అంది. కసిరిన మాట ఆమెకు పట్టలేదు. ఆ "పాపం" మాత్రం మనసులో గుచ్చుకుంది.

మూడేళ్ల తర్వాత భీవండిలో ఉండే వీరభద్రం తమ్ముడు వీసీఆర్ పంపాడు. వీరభద్రం ముందుగదిలో టీవీ పక్కన దాన్ని పెట్టి, ఆదివారం ఆదివారం ఒక క్యాసెట్ కిరాయికి తేవడం మొదలుపెట్టాడు. కళావతి పక్కన కూర్చుని, తెరమీద కనిపించేదంతా ఆగకుండా చెప్పేవాడు. ఆయన నవ్వితే ఆమె నవ్వేది. ఆయన ముక్కు చీదితే ఆమె కొంగుతో కళ్లు తుడుచుకునేది. ఇల్లు మళ్లీ మునుపటిలా అయిందని ఆయన సంబరపడ్డాడు.

ఒకరోజు మధ్యాహ్నం వీరభద్రం అన్నానికి వచ్చేసరికి ఇంట్లోంచి పక్కింటి సోమక్క గొంతు వినిపించింది. ఆమె భర్తతో కలిసి మగ్గం నేస్తుంది, కళావతికి వరసకు అక్క.

"మొన్నటి సినిమల పెద్దన్న ఇల్లిడిసి ఎందుకు పోయిండే?" అని సోమక్క అడుగుతోంది.

"ఏమో అక్కా, నాకు సమజైతె గద" అంది కళావతి. "ఆ టీవీ గొంతు డబ్బల రాళ్లేసి ఊపినట్టుంటది. ఎవలు మాట్లాడుతాండ్రో తెల్వది. జర ఇందామంటె అప్పుడే ఈయన మాట అడ్డమొస్తది."

"మరి నవ్వుతవు గదనే?"

"ఆయన నవ్వినప్పుడు నవ్వుతా. అంత ఆశతోని కూసుంటడు. ఎట్ల చెప్పాలె?"

వీరభద్రం గడప బయటే ఆగిపోయాడు. చెప్పులు చప్పుడు కాకుండా వెనక్కి తిరిగి, ఆకలితోనే పోచమ్మమైదాన్‌కు నడిచాడు. అక్కడ మల్లికార్జున్ రేడియోలు బాగుచేస్తాడు, పెళ్లిళ్లకు మైక్‌సెట్లు కడతాడు. సంగతి విని అతను తల పంకించాడు.

"టీవీల స్పీకరు అరచెయ్యంత లేకపాయె కాకా. అదేం పలుకుతది? వీసీఆర్ కెల్లి వైరు సీద యాంప్లిఫయర్‌కు గుంజుదాం. ఫికర్ చెయ్యకు."

సాయంత్రం అతను యాంప్లిఫయరూ పెద్ద చెక్కపెట్టె స్పీకరూ రిక్షాలో వేసుకొచ్చాడు. వైర్లు కలుపుతున్న చప్పుడు విని కళావతి "ఏం జేస్తాండ్రు?" అంది.

"నువ్వు సోమక్కతోని అన్నది ఇన్న" అన్నాడు వీరభద్రం.

ఆమె మెల్లగా "కోపమొచ్చిందా?" అంది.

"కోపమెందుకు? ముందుగాల్నే చెప్తె బాగుండు. ఇన్ని రోజులు ఉత్తగనే నవ్విపిచ్చిన."

"అన్ని ఉత్త నవ్వులు గావు" అంది కళావతి.

క్యాసెట్ వేశారు. గొంతులు గదంతా మోగాయి, వాటి వెనక తుమ్మెద చేరినట్టు ఒకటే రొద. మల్లికార్జున్ ఎర్త్ వైరు కలిపేసరికి రొద ఆగింది. అయినా కళావతి మొహం విప్పారలేదు.

"గొంతు పెద్దగైంది గని మాట మీద మాట పడుతాంది. బాయిల నుంచి పిలిచినట్టుంది."

మల్లికార్జున్ గది మధ్యలో నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఆ చప్పుడు బండల నేలకూ బోడిగోడలకూ తగిలి తిరిగొచ్చింది. "గోడలు మాటను తిరగగొడుతానయి చిన్నమ్మా. ఏమన్న మందమైన బట్ట కట్టాలె" అన్నాడు.

మందమైన బట్టకు ఆ ఇంట్లో కరువేమిటి? వీరభద్రం దుకాణం నుంచి జంపఖానాలు మోయించుకొచ్చాడు. మేకులు కొట్టి మూడు గోడలకూ వేలాడదీశారు, నేలంతా పరిచారు. కళావతి తన కుర్చీలో కూర్చుని చెబుతూ ఉంది: ఇంకా మోగుతోంది, ఇప్పుడు నయం, ఆ మూలలోంచి గుమ్ముమంటోంది. స్పీకరును మూల నుంచి ముందుకు జరిపి, ఆమె చెవికి సరిగ్గా అందేంత ఎత్తున పీట మీద పెట్టారు. మల్లికార్జున్ వీసీఆర్ మూత తీసి, టేపును చదివే హెడ్‌ను స్పిరిట్‌తో తుడిచాడు. దుందుభిలా మోగే లావు శబ్దాన్ని తగ్గించి, మాట తేటగా వినబడేలా మీటలు తిప్పాడు. అరిగిపోయిన క్యాసెట్ తిరిగిచ్చేసి వీరభద్రం కొత్తది ఇమ్మని క్యాసెట్ల లైబ్రరీవాడితో పోట్లాడి తెచ్చాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం తలుపులు దగ్గరగా వేసి ఇద్దరూ కూర్చున్నారు. మొదట స్పీకరులోంచి ఒక ముసలామె దగ్గు, తర్వాత గిన్నెలో గరిటె తిరిగే చప్పుడు వినిపించాయి. కళావతి ముందుకు వంగింది. పిసినారి ఇంటాయనా, అద్దెకొచ్చినవాడూ కిటికీ గురించి గొడవపడుతున్నారు. ఒక మాటకు వీరభద్రం పకపకా నవ్వాడు. పక్కన ఆమె కూడా సరిగ్గా అదే మాటకు, అదే క్షణంలో నవ్వింది. ఆయన నవ్వు ఆగిపోయింది. ఆమె ఇంకా పొట్ట పట్టుకుని నవ్వుతూనే ఉంది. తను చాలాసేపటి నుంచి ఒక్క మాటా చెప్పలేదని ఆయనకు అప్పుడు తట్టింది.

తర్వాత ఒకచోట మాటలన్నీ ఆగిపోయాయి. రైలు దూరమవుతున్న చప్పుడు, ఆపైన గాలి. కళావతి చెయ్యి చాచి ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఇప్పుడేమైతాంది?"

"రైలు పోయింది. పోరి ఒక్కతే స్టేషన్ల నిలవడ్డది."

"ఏడుస్తాందా?"

"లేదు. కొంగు నోట్ల కుక్కుకున్నది."

"ఆఁ" అంది కళావతి. సినిమా అయిపోయేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

సంగతి వాడంతా పాకింది. తరువాతి ఆదివారాల్లో సోమక్క వచ్చింది, ఆమె వెనకే ఎదురింటి చిలుకమ్మ, ఇంకొందరు నేత ఆడవాళ్లు. పరిచిన జంపఖానాల మీద సర్దుకుని కూర్చునేవాళ్లు. మాటలు నడిచేటప్పుడు ఎవరూ నోరు మెదపకూడదు. మాటలు లేని చోట వీరభద్రం ఒక్కడే చెప్పాలి. అది కళావతి పెట్టిన నియమం.

ఒకసారి అలాంటి చోట ఆమె "ఆ పిల్ల ఏం చీర కట్టింది?" అని అడిగింది.

వీరభద్రం తెరవైపు చూశాడు. వాళ్లది బ్లాక్ అండ్ వైట్ టీవీ. చీర బూడిదరంగులో కనిపిస్తోంది. "లేత మామిడి చిగురు రంగు" అన్నాడు.

సోమక్క ఇక ఉండబట్టలేకపోయింది. "ఓ వీరభద్రం, గీ టీవీల నీకు రంగులేడ కనవడ్డయయ్యా?"

కళావతి ఆమె భుజం తడిమి పట్టుకుంది. "నాకు తెల్వదా అక్కా ఇది ఏం టీవీనో. జర చెప్పనియ్యి." భర్త వైపు తిరిగి, "మరి అంచు?" అంది.