ఆకు వెనక గీతలు

మా అల్లుడు జగన్నాధం కొండ దిగి వచ్చిన రోజున, వాడి సంచిలో ఏదో కొండకూర ఉందనుకుని నా భార్య కూర్మమ్మ కత్తిపీట కూడా వాల్చింది. తీరా విప్పితే తడిగుడ్డలో చుట్టిన రాతిమొక్కలు. పువ్వు లేదు, కాయ లేదు. వండితే కూర కాదు, ఎండితే చీపురు కాదు.

జగన్నాధం నాకు పరాయివాడు కాడు, మా అక్క కొడుకే. శ్రీకాకుళంలో ఒక కాలేజీలో పిల్లలకు మొక్కలు కోసి చూపించే ఉద్యోగం. వాల్తేరులో ఓ పెద్ద మేష్టారి దగ్గర పరిశోధనకు చేరాలని పెళ్ళికి ముందునుంచీ వాడి తపన. ఆస్ప్లీనియం అని ఒక మొక్క ఉందట, అందులో ఒకే పోలికవి రెండు జాతులట. "రెండూ మన కొండల్లో ఉన్నాయని తెచ్చి చూపించు, ఈ యేటి సీటు నీదే" అన్నారట ఆయన. సోమవారం గడువు. సీతంపేట కొండల్లో వాగు పక్కన ఒకే రాతి మీద రెండూ దొరికాయని వీడి సంబరం.

నేను కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. నల్లటి కాడ, అటూ ఇటూ పళ్ళ అంచున్న చిట్టి ఆకులు. రెండోదీ అంతే.

"ఒరే అల్లుడూ, ఇయి రెండు జాతులెలగయ్యాయిరా?"

"ఆకు తిప్పి సూడు మావా. ఎనకాల గోధుమరంగు గీతలున్నాయి గదా? ఈటికి ఇత్తనాలుండవు, ఆ గీతల్లో పొడే ఇత్తనం. ఒక జాతికి గీతలు ఆకు నడిమినుంటాయి, రెండో జాతికి అంచున పళ్ళల్లో ఉంటాయి. అదొక్కటే తేడా."

"మా తాత దగ్గిర ఇలాటియే జోడెద్దులుండీవి. ఓ పులొచ్చి, ముందు దేన్ని తినాలో తేల్సుకోనేక, పసువుల సాల ముందర కూకుని కూకుని ఆకలికి సచ్చిపోనాది. ఆ పులితోలు మీదే మీ యమ్మని పడుకోబెట్టి జోల పాడీవోరు."

"నాకసలే సికాకుగా ఉంటే నీ పులొకటి!" అని విసుక్కున్నాడు వాడు.

వానముసురులో భూతద్దం పెట్టి చూసినా ఏ ఆకుకు గీత నడిమినుందో, దేనికి అంచునుందో ఆనలేదు. మొక్కలన్నీ కలిపే పాత పేపర్ల మధ్య పరిచి, మా ధాన్యం బస్తాల కింద పెట్టాడు. ఆదివారం వెలుతురులో కూర్చుని వేరుచేస్తానని, ఈలోగా పేపర్లు చెమ్మెక్కితే మార్చమని అత్తకు అప్పజెప్పి కాలేజీకి పోయాడు.

ఆ యేడు మేము కొత్తరకం ఐఆర్ ఎనిమిది నారు పోశాం. కిందటి పంటకు ఆకు మీద గోధుమరంగు చారలు పడి సగం మడి మాడిపోయింది. ఈసారి గ్రామసేవకుడు ఊరూరా తిరిగి, చార కనిపించిన ఆకును అక్కడికక్కడే గిల్లి పారేయమని చెప్పాడు. ఇక మా ఊరి ఆడవాళ్ళ గోళ్ళకు తీరిక లేదు. పేరంటానికి పోయినా తాంబూలంలో తమలపాకును తిప్పి చూశాకే కొంగున కట్టుకునేవారు.

అలాంటి రోజుల్లో ఓ ఎండపూట కూర్మమ్మ పేపర్లు మార్చింది. ఆకు తిప్పింది.

ఆదివారం పొద్దున్నే జగన్నాధం కట్ట విప్పాడు. ఒక ఆకు తిప్పాడు. రెండోది. మూడోది.

"అత్తా! గీతలేయీ?"

"తెగులు బాబూ. మన నారుమడి పక్కనే గదా, అంటుకుంటాదని తీసీసినాను" అంది కూర్మమ్మ, మెచ్చుకుంటాడేమోనన్నట్టు నిలబడి.

"ఒక్కాకైనా ఒగ్గీసినావా అత్తా?"

"ఒగ్గెత్తానా బాబూ? మీ సొమ్ము గదా, ఒక్కటీ ఇడిసిపెట్టకుండా సేసినాను."

వాడు బస్తా మీద కూలబడ్డాడు.

"పోనీ, మళ్ళీ కొండకెళ్ళి తెచ్చుకోరా" అన్నాను.

"ఎలగెల్తాను మావా? కొండల్లో గొడవలని నిన్నటినుంచి పోలీసులు దారి మూసీసినారు. బస్సే పోనివ్వడంనేదు."

చాలాసేపు ఆకులు అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు. తిప్పినకొద్దీ గీతలు మొలుస్తాయా? ఉన్నట్టుండి ఆగాడు.

"అత్తా, కొన్నిటికి అంచులే నేవు, ఏటిది?"

"అంచున తెగులున్నయి గిల్లీసినాను. నడిమినున్నయి గిల్లితే ఆకు రెండు ముక్కలైపోదా? అందుకని ఆటికి పసుపునీళ్ళు రాసి బొటనేలితో రుద్దీసినాను."

జగన్నాధం లేచాడు. గిల్లినవి ఒక పక్క, పసుపు పట్టినవి ఒక పక్క. వక్కపలుకు నమిలినంత సేపట్లో రెండు కుప్పలయ్యాయి.

"తేలిపోనాయి మావా! రెండు జాతులూ తేలిపోనాయి!" అని అరిచాడు. అంతలోనే మొహం మళ్ళీ వేలాడేశాడు. "తేలితే ఏటి లాభం? ఆయన సూడాల్సింది గీతలు. ఏటి సూపించను, మా అత్త గోటిగాట్లా?"

"మీ అత్తనే పేపర్ల మధ్య పెట్టి తీసుకుపోరా. బస్తాలు నేనెత్తుతాను" అన్నాను.

"సాల్లే సంబడం!" అని కూర్మమ్మ కసిరింది. వాడు మాత్రం నవ్వలేదు.

సోమవారం నరసన్నపేటలో బస్సెక్కి వాల్తేరు వెళ్ళాడు. జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పాడట. తిరిగి వచ్చి చెప్పులైనా విడవకుండా అరుగు మీద కూర్చున్నాడు.

"ఏటన్నార్రా?"

"నవ్వినారు మావా. ‘నీ మాట నమ్ముతానోయ్, కానీ ఎండుమొక్కల బీరువాలో దాసుకోడానికి నీ మాట పనికిరాదు’ అన్నారు. సీటు ఇంకొకడికిచ్చీసినారు. వచ్చే వానలకి గీతలున్న ఆకులు తెస్తే అప్పుడు సూద్దామన్నారు."

కూర్మమ్మ మజ్జిగ చెంబు తెచ్చి వాడి పక్కన పెట్టింది.

"వచ్చే యేడు తెగులుతోటే తెచ్చుకోండి బాబూ. మన నారు పోతే పోయింది, నేను ముట్టుకోను."

"అది తెగులు కాదత్తా!" అన్నాడు జగన్నాధం, రెండు చేతుల్తో తల పట్టుకుని.

"కాదులెండి బాబూ" అంది కూర్మమ్మ, ఏమాత్రం నమ్మకుండా.