తవుడు ముద్ద

దాణా మీద తెల్లటి పొడి విడిగా తేలిపోతోంది. అలా తేలితే గుర్రప్పిల్ల ముట్టదని గౌరీశ్వరి కాసిని నీళ్ళు చిలకరించి, మోచేతిదాకా చెయ్యి పెట్టి అడుగునుంచి మళ్ళీ కలిపింది. డాక్టరు కలపమన్న సున్నపురాయి పొడి అది. అరచేతి గీతల్లోకి, గోళ్ళ పగుళ్ళలోకి దిగిందంటే ఎంత తోమినా పోదు. యాభై దాటిన చెయ్యి. గడ్డి కోసి, పేడ ఎత్తి, పాలు పిండి, వేళ్ళ కణుపులు అల్లంకొమ్ముల్లా తేలాయి.

బకెట్టు ఎత్తుకుని లాయం చివరి గదిలోకి వెళ్ళింది. సుక్క నిలబడే ఉంది. ఏడాది నిండని ఆడపిల్ల. ఎర్రటి ఒళ్ళు, నుదుట తెల్లటి మచ్చ. యజమాని భీమశంకరరావు ఏదో ఇంగ్లీషు పేరు పెట్టాడు గాని గౌరీశ్వరి నోట అది సుక్కే అయింది. కళ్ళ కింద రెండుపక్కలా ఎముక ఉబ్బి, మొహం కుక్కి నింపిన సంచిలా ఉంది. బరువంతా ఒక కాలిమీద ఆన్చి, కాసేపటికి రెండో కాలికి మార్చుకుంటోంది. బకెట్టు వాసన చూసి వదిలేసింది. మెడ చాచి, గౌరీశ్వరి నడుం దగ్గర చీరమడతల్లో మూతి పెట్టి వెతికింది.

"లేదమ్మా. ఇంక లేదు. ఇదే తినాల," అంటూ ఆమె ఆ మూతిని మెల్లగా తప్పించింది.

రోజూ ఇదే. తప్పించేటప్పుడు దాని కళ్ళలోకి చూడదు.

సబ్బవరం పక్కన వాళ్ళకి పొలం ఉన్న రోజుల్లో గౌరీశ్వరి చెయ్యంటే ఊళ్ళో పేరు. తల్లిలేని దూడల్ని, లేవలేని దూడల్ని తెచ్చి ఆమె వాకిట్లో పడుకోబెట్టేవారు. తవుడూ బెల్లమూ కలిపి ముద్దచేసి, నాలుక మీద పెట్టి మింగించి, వారం తిరక్కుండా నిలబెట్టేది. "గౌరీశ్వరి సెయ్యి పడితే సచ్చిన దూడైనా లెగుస్తాది," అనేవారు. ఆ పొలాలు కాలనీలయ్యాయి. గేదెల్ని అమ్మేశారు. మొగుడు వరహాలు కూర్మన్నపాలెంలో ఒక అపార్టుమెంటుకి వాచ్‌మన్‌గా కుదిరాడు. ఆమె ఈ లాయంలో చేరింది. బీచిలో పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే గుర్రాలు, పెళ్ళి ఊరేగింపులకి వెళ్ళే గుర్రాలు ఇక్కడివి. మేత, నీళ్ళు, ఊడవడం ఆమె పని.

సుక్క తల్లి తెల్లగుర్రం. పెళ్ళిళ్ళ కాలం రాగానే దాన్ని పనిలో పెట్టాలని, పిల్ల చేత ముందుగానే పాలు మాన్పించారు. పిల్ల గొంతు బొంగురుపోయేదాకా సకిలించింది. మేత ముట్టలేదు. డాక్టరు నీలిమ వచ్చి ఏమేం పెట్టాలో చెప్పి, వెళ్ళేముందు గౌరీశ్వరివైపు తిరిగి అంది: "తవుడు మాత్రం వద్దమ్మా. ఎదిగే గుర్రానికి మంచిది కాదు."

గౌరీశ్వరి తలూపింది. ఈ డాక్టరమ్మకి తన కూతురి వయసుండదు, ఎన్ని దూడల్ని సాకి ఉంటుందిలే అనుకుంది. మర్నాడు ఇంట్లో తవుడు ముద్ద చేసి, గుడ్డలో మూటకట్టి నడుముకి దోపుకొచ్చింది. చుట్టూ ఎవరూ లేకుండా చూసి పెట్టింది. సుక్క కళ్ళు అరమోడ్చి తింది. ఆ తర్వాత ఆమె చెప్పుల చప్పుడికే సకిలించడం మొదలుపెట్టింది. ముద్ద రెండు ముద్దలైంది. మూట చాలక గిన్నె తెచ్చింది, గిన్నె చాలక సంచి.

కొన్ని నెలలకి దాని మొహం ఉబ్బింది. గౌరీశ్వరి మురిసిపోయింది. గుర్రాల్ని బీచికి తీసుకెళ్ళే ఎల్లారావుని పిలిచి మరీ చూపించింది.

"సూడు తమ్ముడూ, మొకం ఎంత నిండుగా వొచ్చిందో! సెందమామనాగుంది."

"నీ సెయ్యి అలాంటిది అప్పా," అన్నాడతను.



పిల్ల కుంటడం మొదలుపెట్టాక నీలిమ ఎక్స్‌రే తీయించింది. అందర్నీ నిలబెట్టి చెప్పింది. "ఎముకలో సున్నం పోయింది. తిండిలో భాస్వరం ఎక్కువై సున్నం తక్కువైతే, ఆ లోటు పూడ్చడానికి ఒళ్ళు ఎముకల్లోంచి తోడేసుకుంటుంది. ఆ ఖాళీలో గుజ్జు పెరుగుతుంది. ఈ వాపు అదే. ఎవరైనా తవుడు పెడుతున్నారా?"

"లేదమ్మా, మీరు వొద్దన్నారు కదా," అన్నాడు ఎల్లారావు.

గౌరీశ్వరి చేతిలో చీపురు పుల్లల్ని సవరించుకుంది. భీమశంకరరావు కల్తీ దాణా అమ్మాడని కొట్టువాడితో పోట్లాడి, కొట్టు మార్చేశాడు. ఆవేళే ఆమె తవుడు తేవడం మానేసింది. సుక్క మాత్రం వెతకడం మానలేదు.

ఇవాళ మధ్యాహ్నం ఆమె బకెట్లు తోముతుండగా చివరి గదిలో ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. పడుకున్న పిల్ల లేవబోయింది. వెనక కాలు తొడ దగ్గర విరిగింది. అరవలేదు. ముందుకాళ్ళమీద లేచి, మళ్ళీ కూలబడి, చెమటతో నల్లబడిపోయిన మెడని ఆమె వైపు తిప్పింది.

నీలిమ వచ్చి తడిమి చూసి, భీమశంకరరావుకి ఫోన్ చేసి, ఈ కాలు ఇక అతకదని, బాధ లేకుండా పంపేయడమే మేలని చెప్పింది. తర్వాత సంచీ తెరిచి మందు సిరంజిలోకి ఎక్కించసాగింది.

"డాక్టరమ్మా," అంది గౌరీశ్వరి. "నాను పెట్టినానమ్మా తవుడు. మీరు వొద్దన్నాక కూడా పెట్టీసినాను. దొంగతనంగా."

ఎల్లారావు తల తిప్పుకున్నాడు. నీలిమ చేతులు ఆగాయి.

"నేనడిగినరోజు చెప్పాల్సిందమ్మా," అని, కాస్త పక్కకి జరిగి చోటిచ్చి, "తల ఒళ్ళో పెట్టుకోండి. మీరుంటే బెదరదు," అంది.

గౌరీశ్వరి చతికిలబడి ఆ బరువైన తలని ఒళ్ళోకి తీసుకుంది. సుక్క మూతి మళ్ళీ ఆమె నడుముకేసి కదిలింది.

"ఒక్క ముద్ద పెట్టనామ్మా?"

"పెట్టండి," అంది నీలిమ. "ఇప్పుడు ఏం ఫరవాలేదు."

ఎల్లారావు పక్క గేదెలశాలకి పరిగెత్తి గుప్పెడు తవుడు తెచ్చాడు. బెల్లం లేదు. ఉత్తి నీళ్ళతో ముద్దచేసి పెట్టింది. సుక్క పెదాలతో అందుకుని, కళ్ళు అరమోడ్చి, నింపాదిగా నమిలింది. ఆఖరి మెతుకు కోసం ఆమె వేళ్ళ సందులు నాకుతుండగా నీలిమ దాని మెడలో సూది గుచ్చింది. నాలుక అరచేతి మీదే ఆగిపోయింది.

భీమశంకరరావు కారు దిగేసరికి డాక్టరు వెళ్ళిపోయింది. గౌరీశ్వరి లేచి అతనికీ చెప్పింది.

"నానే సంపీసినాను బాబూ. తవుడెట్టి."

"ఊరుకో గౌరీ. తవుడు తింటే చస్తాయా ఏటి? అంతా ఆ కొట్టువాడి పాపం. నీ చెయ్యి కాబట్టి ఇన్నాళ్ళు బతికింది," అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.



పొద్దువాలేవేళ సుక్కని తోట వెనక పూడ్చి వచ్చారు. గౌరీశ్వరి గది కడగడానికి వెళ్ళింది. గడ్డి ఎత్తింది. నీళ్ళు పోయడానికి అడ్డమని, ఎప్పుడూ కదపని మేత తొట్టిని పక్కకి లాగింది. తొట్టి వెనక సందులో గోడమీద, పిల్ల మూతికి అందే ఎత్తులో, చేటంత మేర వెల్లసున్నం లేదు. నాకి నాకి అరిగి, ఎర్రటి ఇటుక నున్నగా తేలి ఉంది.