ఎర్ర పట్టీ పడ్డ రిఫరెన్సు

అనూష థీసిస్ నాలుగో అధ్యాయంలో ఒక వాక్యం ఉండేది. ఇంగ్లీషులో కాస్త పెద్దమనిషి తరహాగా నడిచే ఆ వాక్యాన్ని మామూలు తెలుగులో చెప్పుకుంటే ఇంతే: "కాయలకు కవర్లు కట్టిన కూలీల అజాగ్రత్త వల్ల ఈ ఫలితాలు వీరభద్రరావు (2016) ఫలితాలతో సరిపోలలేదు." దాన్ని చెప్పి రాయించింది ఆ వీరభద్రరావుగారే. ఆయన అనూషకు గైడు. టైపు చేసింది అనూష. కవర్లు కట్టింది అనూష తల్లి అచ్చమ్మ.

సంగతి ఏమిటంటే, మామిడికాయ కోడిగుడ్డంత అయ్యాక కాగితం కవరు తొడిగి ముడి వేస్తే పండు ఈగ దాని మీద వాలదు. బజార్లో దొరికే కవర్లు రెండు పొరలతో గట్టిగా ఉంటాయి కానీ ఖరీదు ఎక్కువ. పాత న్యూస్‌పేపరుతో చేసిన కవర్లు కూడా అంతే బాగా పనిచేస్తాయని వీరభద్రరావుగారు 2016లో ఒక వ్యాసం రాశారు. దాంతో ఆయన దశ తిరిగింది. ప్రొఫెసరయ్యారు, శాలువాలు కప్పించుకున్నారు, నూజివీడు చుట్టుపక్కల ఎక్కడ రైతు సదస్సు జరిగినా ఆయనకు వేదిక మీద కుర్చీ ఖాయమైపోయింది.

అనూష పరిశోధన ఆ వ్యాసానికి కొనసాగింపు. సొంత ఊరు చాట్రాయి చుట్టూ బంగినపల్లి తోటల్లో రెండు వేసవులు రెండు రకాల కవర్లూ కట్టించి చూసింది. మొదటి గాలివానకే న్యూస్‌పేపరు కవర్లు పీలికలయ్యాయి. పండు కోస్తే లోపల పురుగులు లుకలుకలాడాయి.

ఆ రెండో వేసవిలో గైడుగారు స్వయంగా తోటకు వచ్చారు. తోటి ఆడవాళ్లంతా చూస్తుండగా అచ్చమ్మను పిలిచి నిలబెట్టారు.

"ఇదేనా ముడి వెయ్యడం? ఇట్టా కడితే ఈగ కాదు, ఏనుగు కూడా దూరుద్ది. నీ కూతురి చదువుని నువ్వే పాడు చేస్తున్నావమ్మా" అని గొంతెత్తి మరీ అన్నారు.

ఆ మాట ఊరంతా తిరిగింది. ఆ తర్వాత కూలీల మేస్త్రి ఆమెను కవర్ల పనికి పిలవడం మానేశాడు. కాయల ట్రేలు మోయడానికి మాత్రం కబురు పెట్టేవాడు. ఒకరోజు ఆమె కూతురితో, "నా వల్లే అయిందేమోనే అనూ, చీకటితో లేచి కట్టేదాన్ని కదా, కళ్లు సరిగ్గా ఆనలేదేమో" అంది. అలాంటిదేం లేదని అనూష అన్నది గానీ, ఆ అనడంలో బలం లేదు. నిజం చెప్పాలంటే ఆమెకు కూడా లోపల ఎక్కడో అనుమానం ఉంది. పెద్ద ప్రొఫెసరు అచ్చులో వేసిన మాట ఒకవైపు, అమ్మ వేసిన ముడి ఒకవైపు. ఎటు నమ్మాలో నేర్పడానికే కదా చదువు! కానీ ఆ చదువు ఆమెకు ముందుగా నేర్పింది సార్ చెప్పింది టైపు చెయ్యడం.

థీసిస్ ముగింపుకొచ్చింది. రిఫరెన్సులు సర్దడం మిగిలింది. పూర్వం పరిశోధకులు ఈ జాబితా రాయడానికి వారాల తరబడి తలలు పట్టుకు కూర్చునేవారు. ఇప్పుడు జొటెరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. వ్యాసం కనబడిన చోట ఒక నొక్కు నొక్కితే ఎవరు రాశారు, ఏ పత్రికలో, ఏ ఏడాది, అన్నీ లాక్కుని దాచుకుంటుంది. థీసిస్‌లో కావలసిన చోట పేరు తగిలిస్తే చివర జాబితాను అదే తయారు చేసి పెడుతుంది. వీరభద్రరావుగారి ల్యాబులో అందరికీ కలిపి ఒకే లైబ్రరీ. దానికి కాపలాదారు కృష్ణకాంత్. సార్ దగ్గరే పీహెచ్‌డీ చేసి, సార్ దగ్గరే ఉద్యోగంలో చేరి, సార్ నవ్వితే నవ్వే మనిషి. ఆ లైబ్రరీలో 'సార్ పేపర్లు' అని ఒక ఫోల్డరు ఉంది. అందులోవన్నీ ప్రతి థీసిస్‌లోనూ ఉండి తీరాలి, అవసరం ఉన్నా లేకపోయినా. ఎవరూ రాయని రూలు, అందరూ పాటించే రూలు.

అనూషకు చిందరవందర అంటే గిట్టదు. 2016 వ్యాసం వివరాలు చూస్తే పేజీ నంబర్లు లేవు. ప్రతి వ్యాసానికీ ఇంటర్నెట్‌లో ఉండే గుర్తింపు సంఖ్య కూడా లేదు. ఎప్పుడో కృష్ణకాంత్ చేత్తో టైపు చేసి పెట్టినట్టున్నాడు. పోనీలే, పూర్తి చేద్దామని ఆమె పత్రిక వెబ్‌సైట్లో పాత సంచిక విషయసూచిక నుంచి ఆ సంఖ్య వెతికి తెచ్చి అతికించింది.

కాసేపటికి ఆ వ్యాసం పేరు పైన అడ్డంగా ఒక ఎర్ర పట్టీ పడింది. 'ఈ రచనను ఉపసంహరించుకున్నారు' అని అందులో ఉంది.

సాఫ్ట్‌వేర్ ఏదో పొరబడిందనుకుంది. పట్టీ మీద నొక్కితే పత్రిక ప్రకటన తెరుచుకుంది. రెండు వేర్వేరు సంవత్సరాల పంటలవని చూపిన పట్టికల్లో అంకెలు అచ్చంగా ఒకటే అట. తోటలో రాసుకున్న అసలు లెక్కలు పంపమని రచయితను ఎన్నిసార్లు అడిగినా పంపలేదట. అందుకని వ్యాసాన్ని వెనక్కు తీసుకున్నామని సంపాదకులు రాశారు. అనూష తేదీ చూసింది. సార్ తోటకొచ్చి అమ్మను నిలబెట్టిన వేసవి కంటే ఏడాది ముందుది ఆ ప్రకటన.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. తెలిసే అన్నాడు! తన వ్యాసం కూలిపోయిందని తెలిసే, ఆ కూలిన దాన్ని నిలబెట్టుకోవడానికి అమ్మ చేతుల్ని అడ్డం పెట్టుకున్నాడు. ఆ వాక్యాన్ని ఆమె కూతురి చేతులతోనే టైపు చేయించాడు.

కూలీల అజాగ్రత్త అన్న వాక్యాన్ని తక్షణం చెరిపేసింది. మర్నాడు లైబ్రరీ తెరిస్తే ఎర్ర పట్టీ లేదు. కృష్ణకాంత్ ఆ సంఖ్యను తీసేశాడు. అనూష మళ్లీ పెట్టింది. మధ్యాహ్నానికి మళ్లీ పోయింది. సాయంత్రం మళ్లీ పెట్టింది. ఇద్దరూ పక్క పక్క బల్లల దగ్గర కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా, ఒకే వ్యాసాన్ని అటూ ఇటూ లాక్కున్నారు. చివరికి అతనే నోరు విప్పాడు.

"ఎందుకు అనూషా, మనకెందుకు చెప్పు? ఆ నంబరు లేకపోతే పట్టీ రాదు. పట్టీ రాకపోతే గొడవ లేదు."

"పట్టీ రాకపోతే వ్యాసం నిజమైపోద్దా అన్నా?"

"నా థీసిస్ మొత్తం ఆ పేపరు మీదే ఉంది" అన్నాడతను గొంతు తగ్గించి.

"అయితే నువ్వూ రా, ఇద్దరం కలిసి అడుగుదాం."

అతను రాలేదు. ఆ రాత్రికి ఆమెకు ల్యాబు లైబ్రరీలో ఏమీ మార్చడానికి వీల్లేకుండా, ఊరికే చూడ్డానికి మాత్రం వీలుండేలా చేశాడు. చేసుకోనీ అనుకుంది అనూష. తన పేరు మీద కొత్త లైబ్రరీ తెరిచి, చదివినవన్నీ ఒక్కొక్కటీ మళ్లీ చేర్చుకుంది. చదవనివి చేర్చలేదు. 'సార్ పేపర్లు' ఫోల్డరులో చాలా వ్యాసాలు అక్కడే ఉండిపోయాయి. ఎర్ర పట్టీ వ్యాసాన్ని మాత్రం మొట్టమొదట చేర్చింది.

విషయం కృష్ణకాంత్ చేరవేసినట్టున్నాడు, వీరభద్రరావుగారు ఆమెను గదికి పిలిపించుకున్నారు. కోప్పడలేదు. కాఫీ తెప్పించారు.

"ఆ పత్రికవాళ్లకీ నాకూ పడదమ్మా. అవన్నీ రాజకీయాలు. నీకు తెలీవు."

"పట్టికల్లో అంకెలు ఒకటే ఉన్నాయి కదండీ?"

"సరే, వదిలెయ్. నీ ఫలితాల సంగతి చూడు. కూలీలు సరిగ్గా కట్టలేదన్నది వాస్తవమే కదా."

"కాదు సార్. కొన్న కవర్లు కట్టింది కూడా వాళ్లే. అవే చెట్లు, అవే చేతులు. వాటిల్లో పురుగు లేదు."

ఈ మాట అనడానికి ఆమెకు ఇన్నాళ్లు పట్టింది. అన్నాక ఆమెకే ఆశ్చర్యం వేసింది, ఇంత చిన్న మాట ఇంతకాలం గొంతులో ఎలా ఉండిపోయిందా అని.

ఆయన కాఫీ కప్పు పక్కన పెట్టారు. "ఒక పని చెయ్యి. ఆ వాక్యం ఎలాగూ తీసేశావంటగా, దాంతోపాటు నా వ్యాసం పేరు కూడా తీసెయ్. ఎక్కడా ప్రస్తావనే వద్దు. సోమవారం అందరి ముందూ థీసిస్ వినిపించే నీ సెమినారు, అవ్వగానే సంతకం పెట్టేస్తాను. నీ దారి నీది, నా దారి నాది."

అనూషకు ప్రాణం లేచొచ్చింది. అబద్ధమెందుకు, సరేనండీ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ సంతకం ఉంటేనే థీసిస్ పరీక్షకుల దగ్గరికి వెళ్తుంది. లేకపోతే అలమారులో పడి ఉంటుంది. ఆలోచించుకుని చెప్తానని లేచింది.

ఆదివారం చాట్రాయి వెళ్లింది. అచ్చమ్మ అప్పుడే తోట నుంచి వచ్చి, ట్రేలు మోసిన భుజానికి వేడినీళ్ల గుడ్డ వేసుకుంటోంది. అనూష గుడ్డ తను అందుకుని కాపడం పెడుతూ, ఉన్నదంతా చెప్పేసింది. వాక్యం సంగతి, దాన్ని తనే టైపు చేసిన సంగతి కూడా దాచలేదు.

అంతా విని అచ్చమ్మ అడిగింది.

"అందులో నా పేరు రాశారా?"

"లేదమ్మా. కూలీలు అని రాయించారు."

"ఆయన పేరు?"

"ఆయన పేరు ఉంది. ఏ ఏడాది రాశాడో అది కూడా ఉంది."

"చూశావా మరి! పొగడ్త అయితే పేరూ ఏడాదీ. తప్పయితే కూలీలు" అంది అచ్చమ్మ. "ఇప్పుడేమో రెండూ తీసేస్తే సరిపోద్దంటాడా? కాయితంలోంచి తీసేస్తావు, సరే. ఊళ్లో నా మీద పడ్డ మాట ఎట్టా తీస్తావే?"

"ఉన్నది ఉన్నట్టు రాస్తే సంతకం పెట్టడమ్మా. ఇంకో గైడుని వెతుక్కోవాలి. దొరికినా ఏడాదో రెండేళ్లో పోతాయి. దొరక్కపోతే చదువే పోయినట్టు."

"చదువు నీది. నేను చెప్పానని ఏదీ చెయ్యమాక." అచ్చమ్మ గుడ్డ తీసి దండెం మీద ఆరేసింది. వెనక్కు తిరగకుండానే అడిగింది. "ఆ మీటింగుకి నాలాంటోళ్లని రానిస్తారా?"

"ఎవరైనా రావచ్చు."

"అయితే వస్తా. నువ్వు ఏం చెప్పుకున్నా సరే, వింటా."

సోమవారం సెమినారు హాలు నిండింది. బయటి నిపుణురాలిగా దయామణిగారు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. పక్కనే వీరభద్రరావుగారు. ఆ వెనక కృష్ణకాంత్, మిగతా ల్యాబువాళ్లు. ఉతికిన చీర కట్టుకుని, బస్సు దిగి ఆటోలో వచ్చిన అచ్చమ్మ తలుపు పక్కన చివరి కుర్చీలో కూర్చుంది. అంతకుముందు లోపలికి వస్తూ వీరభద్రరావుగారు ఆమె పక్కనుంచే నడిచారు. గుర్తుపట్టలేదు.

అనూష ఇంగ్లీషులో చెప్పుకుపోయింది. మొదటి మూడు అధ్యాయాలకూ ఆయన తలాడిస్తూనే ఉన్నారు. నాలుగోదానికి వచ్చి ఆమె కొత్త వాక్యాన్ని తెర మీదకు తెచ్చింది. వీరభద్రరావు (2016) వ్యాసాన్ని పత్రిక ఉపసంహరించుకుందని, దానితో ఫలితాలు సరిపోలకపోవడానికి కూలీల పని కారణం కాదని, గాలివానకు చిరిగింది న్యూస్‌పేపరేనని, కవర్లు కట్టింది చాట్రాయికి చెందిన అచ్చమ్మ, ఆమె తోటివాళ్లు అని అందులో ఉంది. కింద రిఫరెన్సుల జాబితాలో సార్ వ్యాసం పేరు ముందు 'ఉపసంహరించినది' అన్న మాట ఎర్ర అక్షరాల్లో ఉంది.

కృష్ణకాంత్ తల దించుకున్నాడు. వీరభద్రరావుగారు లేచి నిలబడ్డారు.

"ఈ స్లైడుకి నా అనుమతి లేదు. తీసెయ్. తియ్యకపోతే ఈ థీసిస్ మీద నా సంతకం ఉండదు."

దయామణిగారు ఆయన వైపు తిరిగారు. "వ్యాసం వెనక్కి తీసుకున్న మాట నిజమేనాండీ?"

"అది వేరే విషయం మేడమ్."

"నేను అడిగింది అవునా, కాదా అని."

ఆయన కుర్చీలోని ఫైలు అందుకున్నారు.

"సంతకం పెట్టకండి సార్" అంది అనూష తెలుగులో. "ఇంకో గైడుగారిని వెతుక్కుంటాను. ఎవరూ దొరక్కపోతే ఈ అధ్యాయం పట్టుకుని ఊళ్లో తోట తోటకీ తిరిగి చదివి వినిపిస్తాను. ఇందులోంచి ఒక్క అక్షరం తియ్యను. నాకు ఇక్కడ ఇంకొక్క నిమిషం కావాలండీ. ఈ వాక్యం ఇంగ్లీషులో రాశాను, ఎవరి గురించి రాశానో ఆవిడకి ఇంగ్లీషు రాదు."

వీరభద్రరావుగారు ఫైలు చంకన పెట్టుకుని విసవిసా తలుపు వైపు నడిచారు.

అనూష చివరి వరసకేసి చూసింది. "అమ్మా, నువ్వు కట్టిన కవర్లలో ఏ తప్పూ లేదు. తప్పు సార్ రాసిన వ్యాసంలో ఉంది. ఆ సంగతి ఆయనకు ముందే తెలుసు."

అచ్చమ్మ లేచి తలుపు దగ్గర నిలబడింది. ఆమె పక్కకు తప్పుకుంటే గానీ బయటికి దారి లేదు. వీరభద్రరావుగారు ఆగారు. ఈసారి గుర్తుపట్టారు.

ఆమె ఆయన ముఖంలోకి చూస్తూనే కూతురికి చెప్పింది.

"వినపళ్లేదమ్మా. ఇంకోసారి చెప్పు. గట్టిగా చెప్పు."

అనూష మైకు దగ్గరికి జరిగి, అందరికీ వినపడేలా మళ్లీ చెప్పింది.