ఎండబండి

వానాకాలమంతా ఆ ఇంట్లో ఉతికిన బట్టలు ఎండబండిలోనే ఆరేవి. వెనక సీటుకు అడ్డంగా, ఒక తలుపు పిడి నుంచి రెండో తలుపు పిడి దాకా ఇల్లాలు తాడు కట్టించుకుంది. పొద్దున్నే బకెట్టు తెచ్చి, చొక్కాలూ తువ్వాళ్ళూ తాడు మీద వేసి, క్లిప్పులు పెట్టి తలుపు మూసేది. బయట చూరునీళ్ళు ధారకడుతూ ఉండగానే లోపల బట్టలు ఫెళఫెళలాడేలా ఎండేవి.

ఇంటి వెనక రేకుల షెడ్డులో అలాంటి పాతకాలపు కార్లు ఏడెనిమిది ఉండేవి. వాటిని పోగుచేసినవాడు ఆ ఇంటి యజమాని. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు కావడంచేత వీధిలో అందరికీ కొలతలాయన. చాలాకాలం కదలకుండా పడివున్న కారులో, అది చివరిసారి ఆగిన నాటి వాతావరణం అలాగే నిలిచిపోతుందన్నది అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఆ షెడ్డును చూసి ఎవరూ నోరు వెళ్ళబెట్టేవారు కాదు. ముసురుబండిలో దూరిన పిల్లి తడిసి బయటికొచ్చేది. గాలిబండి తలుపు తీసేముందు కళ్ళజోడు జేబులో పెట్టుకోవాలి. పక్కింటావిడ పరుపు తడిస్తే, "ఎండబండి ఖాళీగా ఉందా వదినా?" అని గోడ మీంచి కేకేసేది.

కొలతలాయన ఆసక్తి వేరు. అతను ఎవరి మాటా ఊరికే నమ్మే మనిషి కాడు. ఫలానా ఏడాది దాకా తిరిగిన బండి ఇదని అమ్మినవాళ్ళు ప్రమాణం చేసినా తల ఊపి ఊరుకునేవాడు. ఇంటికి తెచ్చాక లోపల థర్మామీటరు వేలాడదీసి, సీటు మీద పడే వెలుగు వాలు కొలిచి, గాలి ఎటునుంచి వీస్తున్నదో చూసి, పాత పత్రికల్లోని వాతావరణ వార్తలతో పోల్చి, బండి ఆగిన రోజును తేల్చేవాడు. రాజులు ఏనాడు ఏం చేశారో చెప్పడానికి శాసనాలున్నాయి. ఏ విశేషమూ లేని ఒక మధ్యాహ్నం గురించి సాక్ష్యం చెప్పడానికి ఈ బండ్లు తప్ప ఏమున్నాయని అతని వాదన.

ఇంజన్ స్టార్టయితే మాత్రం లోపలి రోజు మరుక్షణమే పోతుంది. ఇవాళ్టి గాలి వచ్చి దాని స్థానంలో కూర్చుంటుంది. అందుచేత ఆ షెడ్డులో ఏ బండి తాళమూ తిరగకూడదన్నది నియమం.

ఆ నియమం అతని బావమరిదికి మింగుడుపడేది కాదు. అతను మెకానిక్కు. అక్కను చూసిపోదామని వచ్చినప్పుడల్లా షెడ్డులోకి తొంగిచూసి నిట్టూర్చేవాడు.

"బండన్నాక తిరగాలి బావా. కట్టని చీరల్లా వీటిని దాచుకుని ఏం చేసుకుంటావు?"

"నీకు కనిపించేవి బండ్లు. నాకు కనిపించేవి రోజులు."

"సరే, ఎండబండిలో ఇవాళ ఎంతుంది?"

"ముప్పైనాలుగు."

"నిన్న?"

"ముప్పైనాలుగేరా."

"రేపు తగ్గే సూచనలేమైనా ఉంటే కబురు పెట్టు బావా, బెంగతో నిద్ర పట్టట్లేదు."

అక్క నవ్వేది. ఆ నవ్వు సగంలో దగ్గులోకి దిగి, దగ్గు ఎంతకీ తెమిలేది కాదు. ఆమె ఊపిరితిత్తులు ఏనాడో దెబ్బతిన్నాయి. గాలిలో చెమ్మ చేరిందంటే చాలు, ఎవరో గుండెల మీద మోకాలు మోపినట్టు గిలగిలలాడేది. "తేమ తగలనివ్వకండి. నా చేతిలో ఉన్నది మందు, వాతావరణం కాదు కదా" అన్నాడు డాక్టరు.

ఆ ఏడు వానలు మొదలవగానే ఆమె ఎండబండిలోకి మకాం మార్చింది. బట్టల తాడు వెనక, ఆమె ముందు. డ్రైవరు పక్క సీటులో దిండు పెట్టుకుని, కూరగాయలు తరుగుతూ, చొక్కాలకు గుండీలు కుట్టుకుంటూ, ఎన్నడో ఆగిపోయిన ఒక పొడి మధ్యాహ్నాన్ని పీల్చుకుంటూ బతికింది. భర్త ఆఫీసు నుంచి వచ్చి డ్రైవరు సీటులో కూర్చునేవాడు.

"ఏమండీ, ఈ ఎండ ఎవరిదంటారు?"

"ఒక ప్లీడరుది. చెట్టుకింద బండి ఆపి దిగాడు. మళ్ళీ ఎక్కలేదు. తేదీతో సహా తేల్చాను."

"తేదీ తేల్చారు సరే. పాపం, ఏ పనిమీద బయల్దేరాడో తేల్చారా?"

దానికి అతని దగ్గర ఆధారాలు లేవు. అయినా మనసులో సంతోషించాడు. తన సేకరణ ఒక మనిషిని నిలబెడుతున్నది. ఇంతకు మించిన రుజువు ఏ చరిత్రకారుడికి దొరుకుతుంది?

వాన ఆగకుండా కురిసిన వారంలో, ఒక ఉదయం, ఎండబండిలో కూడా ఆమెకు ఊపిరి అందలేదు. కొలతలాయన అంబులెన్సుకు ఫోన్ చేశాడు. రైలు వంతెన కింద రోడ్డు మునిగిందని, చుట్టూ తిరిగి వస్తున్నామని చెప్పారు. ఇంతలో బావమరిది మోకాళ్ళదాకా తడిసి వచ్చాడు. అతని వ్యాను ఆ నీళ్ళలోనే ఆగిపోయింది.

"బావా, ఇది ఎత్తయిన బండి. ఆ నీళ్ళు దాటేస్తుంది. ఎక్కు."

"ఇది నడవదురా."

"నడుస్తుంది." మెకానిక్కు తల దించుకున్నాడు. "బ్యాటరీ వేశాను. పెట్రోలు పోశాను. స్టార్టు మాత్రం చెయ్యలేదు, నీ మీద ఒట్టు. ఎప్పుడైనా నువ్వు సరేనంటే అక్కని అలా తిప్పి తీసుకొద్దామని."

కొలతలాయన థర్మామీటరు వైపు చూశాడు. "స్టార్టు చేస్తే ఈ ఎండ పోతుంది. ఆ చెమ్మలో దారంతా ఎలా పీలుస్తుంది?"

"ఇక్కడ పీలుస్తోందా?"

"అంబులెన్సు వస్తానంది కదా. కాసేపు చూద్దాం."

చూశారు. కాసేపు గడిచింది, ఇంకాసేపు గడిచింది. మెకానిక్కు గేటు దాకా పోయి వచ్చాడు, మళ్ళీ పోయాడు. ఆమె గోళ్ళు నీలంగా మారాయి. మాట పెగలక, భర్త చెయ్యి పట్టుకుని తాళం మీద పెట్టింది.

అతను తిప్పాడు. ఇంజన్ మూలిగి, అందుకుంది. అంతకాలం నిలిచిన మధ్యాహ్నం కళ్ళార్పేలోగా పోయింది. తడిమట్టి వాసన లోపలంతా నిండింది. వెనక తాడు మీద క్లిప్పులు కటకటమంటూ ఊగుతుండగా బండి వంతెన కింది నీళ్ళను చీల్చుకుంటూ దాటింది. ఆసుపత్రి గేటు కనబడుతుండగా ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. రోడ్డున పోయేవాళ్ళు వచ్చి తోశారు. గేటు దాటేలోపు ఇక తొందరపడాల్సిన పని లేకపోయింది.

"ముందే తెచ్చివుంటే దక్కేదా?" అని అడిగాడు కొలతలాయన.

డాక్టరు "చెప్పలేను" అన్నాడు.

జీవితమంతా కాటా ముల్లు నడుమ గీత మీద నిలిచేదాకా కదలని మనిషికి ఆ జవాబు చాలలేదు. దానికంటే ఘోరమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ ఉదయం తాను ఆగింది ఆమె ఊపిరి కోసమా, బండిలోని రోజు కోసమా? తనను తానే నిలదీశాడు. ఒక్కడే సాక్షి, వాడూ నమ్మదగినవాడు కాడు.

బండిని లాక్కొచ్చి షెడ్డులో పడేశారు. బావమరిది రావడం మానేశాడు. చలి వెళ్ళింది. ఎండలు ముదిరి, వీధి కుళాయి పిడి పట్టుకుంటే చెయ్యి కాలే రోజులు వచ్చాయి. అప్పుడొక పొద్దున షెడ్డు ఊడుస్తూ చూస్తే, ఎండబండి అద్దాలు లోపలివైపు చెమర్చి ఉన్నాయి. అతను తలుపు తీసి కూర్చున్నాడు. లోపల వాన చలి. తడిమట్టి వాసన. ఏ పత్రికతోనూ పోల్చి చూడాల్సిన పని లేదు.

డ్రైవరు పక్క సీటు అద్దం మీద, మనిషి మొహం ఉండాల్సినచోట, ఆవిరి పట్టింది. మెల్లగా కరిగింది. చాలాసేపటికి మళ్ళీ పట్టింది.

ఆనాటి నుంచి అతను ఆ బండిలోనే గడిపాడు. ఆఫీసుకు సెలవు పెట్టాడు. బయట అంత ఎండ కాస్తుంటే శాలువా కప్పుకుని కూర్చునేవాడు. ఆవిరి పట్టినప్పుడు ప్రాణం లేచొచ్చేది. కరిగాక, మళ్ళీ పట్టేదాకా, తన ఊపిరి కూడా బిగబట్టేవాడు.

పక్కింటావిడ కబురు పెడితే బావమరిది వచ్చాడు. వెనక తలుపు తీసి, తాడు కింద తల వంచి కూర్చుని, అద్దాన్ని చూశాడు. ఆవిరి పట్టి, కరిగి, మళ్ళీ పట్టేదాకా కళ్ళు తిప్పలేదు.

"అక్కే" అన్నాడు చివరికి.

"నీ అక్కేరా. పోలేదు."

"గేటు దగ్గర ఇలాగే పీల్చింది బావా. సరిగ్గా ఇలాగే, ఎగబీలుస్తూ. నేను తోస్తూ ఈ అద్దంలోంచే చూశాను. నీకు తోడుగా ఉందనుకుంటున్నావా? అక్క ఇంకా ఆ పొద్దుటి నుంచి బయటపడలేదు. అందని గాలి కోసం రోజంతా, రేయంతా..."

"తిప్పితే ఇదీ ఉండదు."

"ఉండదు."

"నాకింకేం ఉంటుందిరా?"

మెకానిక్కు దిగి వెళ్ళి పనిముట్ల పెట్టె తెచ్చుకున్నాడు. పొద్దెక్కేదాకా బానెట్టు కింద వంగి, బురద కడిగి, తీగలు మార్చాడు. కొలతలాయన వద్దనలేదు. షెడ్డు తలుపులు బార్లా తీసి వచ్చి, స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"ఇక కానివ్వు బావా" అన్నాడు బావమరిది బానెట్టు చాటునుంచి.

అద్దం మీద అప్పుడే ఆవిరి పట్టింది. ఆ ఊపిరి మధ్యలో తెగిపోకూడదని అతను ఆగాడు. ఆవిరి అంచులనుంచి కరుగుతూ, కరుగుతూ, గోరంత మిగిలి, అదీ పోయింది. అప్పుడు తాళం తిప్పాడు.

ఇంజన్ మొదటిసారికే అందుకుంది. చలి పోయింది. వాన వాసన పోయింది. బయటి ఎండ అడ్డం లేకుండా లోపలికి వచ్చి పక్క సీటు మీద, ఆమె దిండు మీద, వెనక తాడు మీది క్లిప్పుల మీద పరుచుకుంది. చెమ్మ జాడలేని, పొడి ఎండ. థర్మామీటరులో పాదరసం పాకుతూ వెళ్ళి, అలవాటైన చోటుకు చేరి నిలిచింది.

"ఎంతుంది బావా?" అన్నాడు బావమరిది. ఈసారి ఎగతాళికి కాదు.

"ముప్పైనాలుగు" అన్నాడు కొలతలాయన, అద్దం మీంచి చూపు తిప్పకుండా.

అద్దం తేటగా ఉంది.